కార్డు బాకీ పెరిగి, సిబిల్ పాడైతే ఎవరి సాయం తీసుకోవాలి?

క్రెడిట్ కార్డు బిల్లు వరసగా రెండు నెలలు తప్పితే ఫోన్‌కు రెండు రకాల కాల్స్ మొదలవుతాయి. ఒకటి రికవరీ వాళ్లది. ఇంకోటి "మీ అప్పు సగానికి తగ్గిస్తాం, సిబిల్ స్కోరు బాగుచేస్తాం" అనేవాళ్లది. మొదటివాళ్ల గొంతు వింటేనే టెన్షన్. రెండోవాళ్లు సార్, మేడమ్ అంటూ మెత్తగా మాట్లాడతారు కాబట్టి అప్పటికే అలిసిపోయిన మనిషి వాళ్లవైపు మొగ్గుతాడు. చాలామందికి పెద్ద నష్టం జరిగేది ఆ రెండో కాల్ దగ్గరే అని నా అభిప్రాయం.

నమ్మదగిన సాయం దొరికే చోట్లు నిజంగానే ఉన్నాయి. కొన్నింటికి పైసా ఖర్చు లేదు. వాటిని పోల్చడానికి నేను వాడే కొలత ఒక్కటే: సాయం చేస్తామనేవాళ్ల చేతిలో నిజంగా ఏముంది? అప్పు తగ్గించగలిగేది అప్పిచ్చిన బ్యాంకు. మీ క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పులు, చెల్లింపుల రికార్డు; స్కోరు లెక్కగట్టేది దీన్నుంచే) ఉన్నదాన్ని మార్చమని చెప్పగలిగేదీ ఆ బ్యాంకే. బ్యాంకు ఒప్పుకోకుండా సిబిల్ సంస్థ కూడా తనంతట తాను మార్చదు. బ్యాంకే తప్పు చేస్తే దాన్ని దారికి తేగలిగేవి అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అధికారి), కోర్టు. మధ్యలో ఉండే మిగతావాళ్లంతా మీ తరఫున ఉత్తరాలు రాసేవాళ్లు, ఫోన్లు చేసేవాళ్లు. ఆ పని మీకు అవసరం కావచ్చు. కానీ వాళ్లు అమ్ముతున్నది ఆ పనే అని తెలిస్తే, దానికి ఎంత ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

ముందు మీ ఇబ్బంది ఏ రకమో తేల్చుకోండి

కార్డు కష్టాలన్నీ ఒకలాంటివి కావు. కొందరు నెలనెలా ఎంతో కొంత కడుతూనే ఉంటారు, బాకీ మాత్రం కదలదు. వాళ్లది వడ్డీ సమస్య. ఇంకొందరికి ఉద్యోగం పోయిందో, ఆస్పత్రి ఖర్చు మీద పడిందో, వ్యాపారం దెబ్బతిందో, అసలు కట్టే స్తోమతే పోయింది. మూడో రకంవాళ్లు ఎప్పుడో తీర్చేశారు, లేదా ఆ అప్పు వాళ్లదే కాదు, రిపోర్టులో మాత్రం బాకీ కనిపిస్తోంది. ఒకరికి పనికొచ్చే సాయం ఇంకొకరిని ముంచుతుంది. ముఖ్యంగా కట్టగలిగి ఉండీ "సెటిల్‌మెంట్‌కు వెళ్దాం, కొంత మాఫీ అవుతుంది" అని బిల్లు ఆపేసేవాళ్లు లేని కష్టాన్ని కొని తెచ్చుకుంటారు.

తేల్చుకోవడానికి ముందుగా మీ క్రెడిట్ రిపోర్టులు తెప్పించుకోండి. మనదేశంలో ఈ పని చేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అంటే నాలుగు సంస్థల నుంచి నాలుగు రిపోర్టులు. మనం అన్నింటినీ కలిపి ‘సిబిల్’ అనేస్తాం గానీ, ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గుతుందని భయపడి ఏళ్ల తరబడి చూడనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కార్డు వడ్డీని మన భాషలో లెక్కేస్తే

వడ్డీని మనం రూపాయల్లో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే ఊళ్లో "అమ్మో" అంటారు. చాలా కార్డుల్లో బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. వడ్డీ వ్యాపారిని తిట్టేవాళ్లు కూడా కార్డుకు ఈ రేటు కడుతూ గమనించరు, ఎందుకంటే బిల్లులో అది ‘ఫైనాన్స్ ఛార్జెస్’ అనే పేరుతో కనిపిస్తుంది.

ఒక లెక్క చూడండి. కార్డు మీద రెండు లక్షల బాకీ ఉంది. మూడున్నర శాతం చొప్పున నెల వడ్డీ 7,000. జీఎస్టీ 1,260. మొత్తం 8,260. మినిమం డ్యూ (ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం) 5 శాతం అనుకుంటే 10,000. అది కడితే అసలులోకి వెళ్లేది 1,740 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజునుంచే వడ్డీ పడుతుంది, 45 రోజుల గడువు సౌకర్యం ఉండదు. మినిమం మాత్రమే కడితే అప్పు నెలలు, ఏళ్లు సాగుతుందని బిల్లుమీదే హెచ్చరిక ముద్రించాలని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ముద్రిస్తున్నారు కూడా. దాన్ని చదివేదెవరు?

వడ్డీ రేటుకు కోర్టులో ఉపశమనం దొరుకుతుందనే ఆశ కూడా ఇప్పుడు లేదు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో పక్కన పెట్టింది.

కట్టగలిగే స్తోమత ఉంటే

ఈ రకం వాళ్లకు బయటివాళ్ల సాయం దాదాపు అవసరం లేదు. ఖరీదైన అప్పును చవక అప్పుతో మార్చుకుంటే చాలు. పైన చెప్పిన రెండు లక్షలకే 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 6,835 కట్టాలి. మూడేళ్లకు బాకీ పూర్తిగా పోతుంది, మొత్తం వడ్డీ 46,000 చుట్టూ అవుతుంది. కార్డుకు నెలకు పదివేలు కట్టినా తరగని అప్పు ఇక్కడ దానికంటే తక్కువ కిస్తీతో తీరుతోంది. ఇంకో సంగతి: లోన్ వడ్డీ మీద జీఎస్టీ లేదు, కార్డు వడ్డీ మీద ఉంది. కార్డు బాకీని కార్డు మీదే ఈఎంఐగా మార్చినా ఆ వడ్డీకి జీఎస్టీ పడుతుంది.

అయినా కార్డు ఈఎంఐని కొట్టిపారేయలేం. స్కోరు ఇప్పటికే కాస్త దెబ్బతిని వేరే బ్యాంకు లోన్ ఇవ్వనప్పుడు, ఉన్న బ్యాంకే బాకీని ఈఎంఐగా మార్చడానికి ఒప్పుకోవచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది. అడిగేటప్పుడు రేటు ‘ఫ్లాట్’ చెబుతున్నారా, ‘రెడ్యూసింగ్’ చెబుతున్నారా అని తప్పకుండా అడగండి. ఫ్లాట్ అంటే చివరిదాకా మొదటి మొత్తం మీదే వడ్డీ, రెడ్యూసింగ్ అంటే మిగిలిన బాకీ మీదే. నెలకు ఒక శాతం ఫ్లాట్ అని వినిపిస్తే రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. రెండేళ్ల ఈఎంఐలో అది నిజానికి ఏడాదికి 21 శాతం పైనే పడుతుంది.

ఇంట్లో బంగారం ఉంటే నా ఓటు దానికే. బ్యాంకులో నగలు తాకట్టు పెడితే పది శాతం అటూఇటూ వడ్డీకి దొరుకుతుంది. రెండు లక్షలకు నెలకు 1,700 లోపు. స్కోరు బాగోలేకపోయినా బంగారం చూసి ఇస్తారు. "కార్డు బాకీకి నగలు తాకట్టు పెట్టడమా" అని ఇంట్లో మొహమాటపడతారు, మాటలు పడాల్సి వస్తుందని భయపడతారు. బీరువాలో ఉన్న బంగారం ఏమీ సంపాదించడం లేదు, కార్డు మాత్రం రోజూ తింటోంది. ప్రమాదం ఒక్కటే: వడ్డీ కూడా కట్టకుండా వదిలేస్తే నగలు వేలానికి పోతాయి. కార్డు బాకీకి తాకట్టు ఏమీ లేదు, దీనికి ఉంది. కాబట్టి నెలజీతం కచ్చితంగా వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లకే ఇది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద, ఎల్ఐసీ పాలసీ మీద దొరికే లోన్లదీ ఇదే దారి, అక్కడ వడ్డీ కూడా తక్కువే.

చిట్టీ ఇప్పటికే నడుస్తుంటే పాట పాడి కార్డు తీర్చేయడం మన ఇళ్లలో మామూలే. పాటలో వదులుకునే సొమ్ము, మిగిలిన నెలలు లెక్కేసుకుంటే కార్డు వడ్డీకంటే తక్కువే పడుతుంది చాలాసార్లు. పాడాక కంపెనీ ష్యూరిటీలు అడుగుతుందని గుర్తుంచుకుని ముందే మనుషుల్ని చూసుకోవాలి. రిజిస్టర్ కాని చిట్టీల జోలికి మాత్రం అప్పుల్లో ఉన్నప్పుడు అస్సలు వెళ్లకండి.

వద్దని గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. "మీ కార్డు బిల్లు మేం కడతాం, వెంటనే మా మెషీన్లో గీకేసి నూటికి రెండో మూడో తీసుకుంటాం" అనే దుకాణాలు. మొదట్లో ఇది చవకగానే కనిపిస్తుంది. రెండు లక్షలకు రెండున్నర చొప్పున నెలకు 5,000, కార్డు వడ్డీ 8,260 కంటే తక్కువే కదా. ఏడాది తిరిగేసరికి 60,000 పోయి ఉంటాయి, బాకీ మాత్రం అదే రెండు లక్షలు. దుకాణంలో సరుకు కొనకుండా కొన్నట్టు గీకడం బ్యాంకు కంటపడితే కార్డు బ్లాక్ అవుతుంది. ఇంతా చేసి కార్డు, ఓటీపీ పరాయివాళ్ల చేతిలో. లోన్ యాప్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2020 చివర్లో హైదరాబాద్‌లో పోలీసులు వాటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు బయటపడిన వేధింపులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక యాప్ వెనక ఆర్‌బీఐ గుర్తించిన సంస్థ ఏదో ఉందా లేదా అన్నది ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

కట్టే స్తోమత పోయినప్పుడు

ఇక్కడే నాలుగైదు దారులు ఒకేసారి కనిపించి గందరగోళం పుడుతుంది.

మొదటి దారి నేరుగా బ్యాంకు. బిల్లు తప్పకముందే, లేదా తప్పిన మొదటి నెలలోనే రాతపూర్వకంగా రాయండి: ఉద్యోగం పోయింది, ఫలానా నెలనుంచి ఇంత కట్టగలను, ఈఎంఐగా మార్చండి, ఆలస్య రుసుము తీసేయండి అని. ఈమెయిల్ చాలు. ఫోన్లో చెప్పింది రికార్డుల్లో ఉండదు. ఆ ఉత్తరం తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది, మీరు పారిపోలేదని చూపించేది అదే. ఇంకో జాగ్రత్త: కార్డు, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే ఖాతాలో సొమ్మును బ్యాంకు హోల్డ్‌లో పెట్టే అవకాశం ఉంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు డబ్బులు అందులోనే ఉంటే ఆ సంగతి ముందే ఆలోచించాలి.

తొంభై రోజులు దాటితే బాకీ మొండి బకాయి కింద లెక్క. అప్పటినుంచి బ్యాంకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ గురించి మాట్లాడటానికి ఒప్పుకుంటుంది. కొంత మాఫీ చేసి మిగతాది ఒకేసారి కట్టమంటుంది. ఇది ఉపశమనమే, కానీ రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఆ మాట ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకు దాన్ని చూస్తుంది. తర్వాత చేతికి డబ్బు వచ్చినప్పుడు మాఫీ అయిన మొత్తం కూడా కట్టి ‘క్లోజ్డ్’గా మార్చమని బ్యాంకును అడగవచ్చు.

సెటిల్‌మెంట్ చేసుకునేటప్పుడు మూడు విషయాల్లో రాజీపడొద్దు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద గానీ, బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి గానీ ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో చెప్పే ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. కార్డు ఖాతాలోకే కట్టాలి, ఏజెంట్ ఫోన్ నంబరుకు యూపీఐ చేయకూడదు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదనే పత్రం) తీసుకోవాలి. బ్యాంకు మీ బాకీని ఏదైనా ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి (మొండి బాకీలు కొని వసూలు చేసుకునే సంస్థకు) అమ్మేసి ఉంటే ఆ సర్టిఫికెట్ ఆ కంపెనీనుంచి రావాలి. పోస్ట్‌డేటెడ్ చెక్కులు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కార్డు బిల్లు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, అంతమాత్రాన జైలు లేదు. చెక్కు బౌన్స్ అయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. ఖాతానుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఏర్పాటు చేసి డబ్బు లేక తిరిగొచ్చినా అలాంటి సెక్షనే వర్తిస్తుంది.

రెండో దారి సెటిల్‌మెంట్ కంపెనీలు. వీళ్లు చేసేది ఇది: చేరేటప్పుడు ఫీజు లేదా నెలనెలా ఫీజు తీసుకుంటారు, బిల్లు కట్టడం ఆపేయమంటారు, ఆ డబ్బును విడిగా దాచమంటారు, బ్యాంకు సెటిల్‌మెంట్‌కు ఒప్పుకునేదాకా ఆగుతారు, తగ్గిన మొత్తంలో కొంత శాతం తీసుకుంటారు. ఈలోగా వడ్డీ పెరుగుతుంది, స్కోరు పడుతుంది, రికవరీ కాల్స్ ఆగవు, ఎందుకంటే వాటిని ఆపే అధికారం వీళ్లకు లేదు. అప్పు సెటిల్‌మెంట్ చేయడానికంటూ ఆర్‌బీఐ ఇచ్చే లైసెన్స్ ఏదీ లేదు, కాబట్టి "మాది ఆర్‌బీఐ అనుమతి ఉన్న కంపెనీ" అంటే అనుమానించండి. అందరూ మోసగాళ్లని అనను. అయిదారు కార్డులు, రోజుకు పాతిక కాల్స్, మాట్లాడే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు అన్నప్పుడు ఎవరో ఒకరు మన తరఫున మాట్లాడటం పెద్ద ఊరటే. అలాంటప్పుడు కూడా ఫీజు బ్యాంకు ఉత్తరం వచ్చాకే ఇస్తామనండి. దాచే డబ్బు మీ పేరున ఉన్న ఖాతాలోనే ఉంచండి. నంబరు మార్చేయండి, నోటీసులు తీసుకోకండి అని సలహా ఇచ్చే కంపెనీని అక్కడే వదిలేయండి. ‘రుణమాఫీ సర్టిఫికెట్’ ఇప్పిస్తామని డబ్బు తీసుకునేవాళ్ల గురించి ఆర్‌బీఐ 2023 డిసెంబర్‌లో ప్రత్యేకంగా హెచ్చరించింది. అలాంటి సర్టిఫికెట్ ఏదీ చెల్లదు.

మూడో దారి లోక్ అదాలత్, అంటే రాజీతో వివాదాలు తేల్చే వేదిక. నాకు అన్నింటికంటే నచ్చేది, మనవాళ్లు అన్నింటికంటే తక్కువగా వాడుకునేదీ ఇదే. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. కేసు కోర్టుకు ఎక్కకముందే, ప్రీ లిటిగేషన్ దశలోనే, బ్యాంకుతో రాజీకి అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఏడాదిలో కొన్ని విడతలుగా జాతీయ లోక్ అదాలత్ జరిగినప్పుడు బ్యాంకుల అధికారులు నిర్ణయాధికారంతో అక్కడికి వస్తారు, ఫోన్లో వారాలపాటు తేలనిది ఒక పూటలో తేలుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను కూడా ఇస్తారు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. బ్యాంకు తనే ప్రీ లిటిగేషన్ లోక్ అదాలత్ నోటీసు పంపినప్పుడు చాలామంది కోర్టు సమన్లు వచ్చాయని వణికిపోతారు. అది రాజీకి పిలుపు. వెళ్లండి. కాకపోతే అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి మొహమాటపడో, తొందరపడో కట్టలేని మొత్తానికి సంతకం పెట్టొద్దు. రిపోర్టులో ఏమని రాస్తారో కూడా రాజీ పత్రంలోనే రాయించుకోండి.

ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు విచారణ) నోటీసో, అసలైన కోర్టు సమన్లో వస్తే అది లాయర్ పని, మిగతా దారులు పక్కన పెట్టి ఆ వారంలోనే ఒక లాయర్‌ను కలవండి. వాట్సాప్‌లో వచ్చే ‘అరెస్ట్ వారంట్’లు దాదాపు అన్నీ భయపెట్టడానికే, అయినా లాయర్‌కు ఒకసారి చూపిస్తే నిద్ర పడుతుంది.

ఇక ‘ఐపీ పెట్టడం’. మన ఊళ్లలో అప్పులు తట్టుకోలేని వ్యాపారి గురించి ఈ మాట ఎప్పుడూ వింటుంటాం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్ అది. అప్పు కనీసం 500 రూపాయలుండాలి అనే షరతు చూస్తే ఆ చట్టం ఎంత పాతదో అర్థమవుతుంది. 2016 దివాలా చట్టంలో మామూలు వ్యక్తులకు సంబంధించిన భాగం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు కాబట్టి ఈ పాత చట్టమే నడుస్తోంది. కేవలం కార్డు బాకీ కోసం ఐపీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లను నేను నమ్మను. మీకున్న ఆస్తులు కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్తాయి, అంతకుముందు రెండేళ్లలో ఇంట్లోవాళ్ల పేరున రాసిన ఆస్తులను కూడా ప్రశ్నించవచ్చు. కార్డులతో పాటు చేబదుళ్లు, ప్రోనోట్లు, వ్యాపార అప్పులు అన్నీ కలిసి ఆస్తుల విలువను మించిపోయినప్పుడే లాయర్‌తో ఆ మాట ఎత్తాలి.

బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి, ఉచితంగా సలహా ఇస్తాయి. బడ్జెట్ వేసుకోవడానికి, ఏ అప్పు ముందు తీర్చాలో తేల్చుకోవడానికి మంచివే. బ్యాంకుతో మీ తరఫున బేరమాడతారని మాత్రం ఆశించకండి.

రికవరీ వాళ్ల వేధింపులు

ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. ఇంట్లోవాళ్లను, స్నేహితులను, రిఫరెన్స్ ఇచ్చినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. ఏజెంట్ ఎవరైనా బాధ్యత బ్యాంకుదే. కాల్ రికార్డులు, మెసేజ్‌లు దాచి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో (ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో) ఫిర్యాదు పెట్టవచ్చు. ఫీజు లేదు, హెల్ప్‌లైన్ 14448. అంబుడ్స్‌మన్ మీ అప్పును మాఫీ చేయడు. తప్పుగా వేసిన ఛార్జీలు, వేధింపులు, తప్పుడు రిపోర్టింగ్ లాంటివి ఆయన చేతిలో ఉన్న పనులు. నగ్న ఫొటోలు తయారుచేస్తాం, కాంటాక్టులకు పంపుతాం అంటూ లోన్ యాప్‌వాళ్లు బెదిరిస్తే అంబుడ్స్‌మన్ దాకా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అప్పు బాధ పడలేక ప్రాణం మీదకు తెచ్చుకునే ఆలోచనలు వస్తుంటే, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

సిబిల్ బాగుచేస్తామనేవాళ్లు

ఈ వ్యాపారంలో ఒక చిన్న కిటుకు ఉంది. రిపోర్టులో నిజంగా తప్పు ఉంటే దాన్ని సరిచేయించడం ఉచితం. తప్పు లేకపోతే ఎంత డబ్బిచ్చినా ఎవరూ చెరపలేరు. అంటే ఏ పరిస్థితిలోనూ వాళ్లకు డబ్బివ్వాల్సిన అవసరం రాదు. ఉచితంగా చేసుకోగలిగిన డిస్ప్యూట్ ఫారం (రిపోర్టులో తప్పు సరిచేయమనే ఫిర్యాదు) నింపి అయిదువేలు, పదివేలు తీసుకుంటారు. "30 రోజుల్లో స్కోరు 750 దాటిస్తాం" అన్నారంటే ఇక వినాల్సిన పని లేదు.

మామూలుగా కనిపించే తప్పులు ఇవి: తీర్చేసిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఒకే పేరున్న ఇంకొకరి ఖాతా మన పాన్‌కు అంటుకోవడం, ఎప్పుడో తీసుకుని వాడని కార్డు మీద వార్షిక రుసుము పడి అది బాకీగా పెరగడం. చివరిది మాత్రం ఎంతమందికో. ఫ్రీ కార్డని మాల్‌లో సంతకం పెట్టినవాళ్లంతా ఒకసారి చూసుకోవాలి. సంబంధిత సంస్థ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి, అదే రోజు బ్యాంకుకూ ఈమెయిల్ చేయండి. సరిచేసిన వివరం పంపడానికి బ్యాంకుకు 21 రోజులు, మొత్తం పని ముగించడానికి 30 రోజులు గడువు. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లో ఉంది. ఆ సంగతి ఈమెయిల్‌లో ఒక వాక్యంగా రాస్తే పని కాస్త త్వరగా కదులుతుంది. క్రెడిట్ సమాచార సంస్థల మీద కూడా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

అక్కడ చదువుకో, ఉద్యోగానికో వెళ్లి కార్డుల్లో ఇరుక్కున్నవాళ్లకు లెక్కలు వేరు. ఎన్ఎఫ్‌సీసీ (నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్) సభ్యత్వం ఉన్న లాభాపేక్ష లేని కౌన్సెలింగ్ సంస్థలు అక్కడ దశాబ్దాలుగా ఉన్నాయి. వాళ్లు ‘డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్’ కింద వడ్డీ తగ్గించి మూడు నుంచి అయిదేళ్లలో అసలంతా కట్టిస్తారు. సెటిల్‌మెంట్ కంపెనీలకంటే అవే నయం. ఫోన్లో అప్పు తగ్గిస్తామనే కంపెనీలు పని కాకముందే ఫీజు తీసుకోవడం 2010 నుంచి ఫెడరల్ నిబంధనల ప్రకారం నిషేధం, క్రెడిట్ రిపేర్ సంస్థలకూ ముందస్తు ఫీజు నిషేధమే. మనదేశంలో అలాంటి నిషేధం లేదు కాబట్టే ఇక్కడ ఆ షరతు మనమే పెట్టుకోవాలి. మాఫీ అయిన అప్పును అక్కడ ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసే అవకాశముందని కూడా చూసుకోండి.

స్కోరు మళ్లీ పెరగాలంటే

బాకీ ఎలా తేలినా స్కోరు దానంతటదే వెంటనే లేవదు. సిబిల్ రిపోర్టులో గత 36 నెలల చెల్లింపుల చరిత్ర నెలవారీగా కనిపిస్తుంది, పాత ఎర్ర గీతల పక్కన కొత్త మంచి నెలలు చేరుతూ పోవాలి. మామూలు కార్డు ఎవరూ ఇవ్వకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోండి. దాన్ని పెట్రోలుకో, కరెంటు బిల్లుకో మాత్రమే వాడి, పరిమితిలో 30 శాతం దాటకుండా చూసుకుని, మొత్తం బిల్లు ఆటో డెబిట్‌లో కట్టేయండి. ఆ నెలల్లో లోన్ల కోసం వరసగా నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టొద్దు, ఒక్కో దరఖాస్తు రిపోర్టులో నమోదవుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి సమాచారం పంపుతున్నాయి కాబట్టి కట్టినది రిపోర్టులో కనిపించడానికి ఇదివరకటంత సమయం పట్టదు. సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లు నో డ్యూస్ చేతికొచ్చిన రెండు నెలలకు నాలుగు సంస్థల రిపోర్టులూ మళ్లీ తెరిచి, ఆ ఖాతా మీద బాకీ సున్నా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సర్టిఫికెట్ జతచేసి అదే రోజు డిస్ప్యూట్ పెట్టండి.